యువజనుల పఠనమును, పెద్దల మౌనమును



పరమేశ్వరుడు సత్యస్వరూపుడనియు, జ్ఞానస్వరూపుడనియు మన ఉపనిషత్తులు బోధించుచున్నవి. మనము వారమున కొకమారు మందిరమున జేరి, ఆ సత్యమును మా హృదయములయందు వెలిగింపుమని ప్రార్థించుచున్నాము. వెలుగును వేడుకొని యింటికి బోయిన మనము, మన బిడ్డ యొక ప్రశ్న వేసినంతనే దీపము నార్పివేయుచున్నాము. ఆ ప్రశ్న యెట్టిదో మీ రెరుగనిది కాదు. తా మెట్లు పుట్టితిమనియు, తమ శరీరమున కలుగుచున్న మార్పు లేమనియు, స్త్రీపురుషుల సాంగత్య మన నేమనియు బిడ్డ లడుగుదురు. అడుగుటకు జంకినవారు పుస్తకములలో వెదకుదురు. ఆ పుస్తకములను గూర్చియు, వానియెడల పెద్దల నడవడిని గూర్చియు నేడు కొంత విన్నవింప దలచితిమి. విషయము సంకోచమును కలిగించునదే. కాని యా సంకోచము వలన ఎవరికి లాభము, ఎవరికి నష్టము అని విచారించుటయే మా యుద్దేశము గనుక, కొంతసేపు ఓర్పుతో వినుడని ప్రార్థించుచున్నాము.

పరులకు బోధింపబూనువాడు మొదట తన తప్పును చెప్పుకొనుట న్యాయము. రెండేండ్ల క్రిందట మా కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచుండగా, ఆమె పాఠ్యపుస్తకముల నడుమ ఒక చిన్న పుస్తకము మా కంటబడెను. అది యుక్తవయస్సు వచ్చుచున్న బాలబాలికల కొరకు ఒక వైద్యుడు సులభమైన తెలుగున వ్రాసినది. అట్టపై బొమ్మను చూచితిమే కాని లోపలి పుట యొక్కటియు తిప్పలేదు. పుస్తకమును లాగుకొని, మా న్యాయశాస్త్ర గ్రంథములుండు బీరువాలో బెట్టి తాళము వేసితిమి. బిడ్డ యేడ్వలేదు. మెల్లగా మా యెదుట నిలువబడి, "నాన్నగారూ, ఆ పుస్తకము చదువవద్దంటిరి. సరే. అందులో ఉన్నదానిని మీరు చెప్పెదరా?" అని యడిగెను. "పెద్దదాన వైనప్పుడు నీకే తెలియును" అని చెప్పి మేము పత్రిక నెత్తి ముఖమునకు అడ్డముగా పెట్టుకొంటిమి.

మరి కొన్ని వారములకు ఆమె తల్లివలన మాకు తెలిసినదేమన: మేము చెప్పని జవాబును బిడ్డ తన స్నేహితురాలి సెల్‌ఫోనులో వెదకినది. అక్కడ దొరకిన జవాబు వైద్యుడు వ్రాసినది కాదు. స్త్రీ దేహమును సరకుగా జేసి అమ్ముకొనువారు తయారుచేసిన బొమ్మలు అవి. చూచినది మొదలు బిడ్డ రెండు మూడు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మేము వైద్యుని నోరు మూసి విటుని నోరు తెరచితిమి. ఇంతకు మించి మా తప్పును గూర్చి చెప్పవలసినది లేదు.

ఇంటిలో నేర్వని పాఠమును మేము న్యాయస్థానమున నేర్చుకొంటిమి. న్యాయవాదవృత్తిలో మా కిరువది యేండ్లు దాటినవి. బాలబాలికలపై జరుగు లైంగికాపరాధములను విచారించుటకు 2012వ సంవత్సరమున పోక్సో అను పేర ప్రత్యేక శాసన మొకటి పుట్టినది. అది మంచి శాసనము. దాని ప్రకారము న్యాయవాదులు బిడ్డను నేరుగా ప్రశ్నింపరాదు. తమ ప్రశ్నలను న్యాయాధిపతికి తెలుపగా, ఆయనయే బిడ్డ నడుగవలెను. సాక్ష్య మిచ్చునప్పుడు ముద్దాయి బిడ్డ కంటబడరాదు. విచారణము బహిరంగముగా జరుగరాదు. ఇన్ని రక్షణములను కల్పించిన శాసనము ఒక్కదానిని మాత్రము కల్పింపజాలదు. అది మాట.

ఏ యొక్క బిడ్డయు గుర్తింపబడరాదు గనుక, పెక్కు వ్యాజ్యములలో చూచినదానిని సామాన్యముగా చెప్పుచున్నాము. న్యాయాధిపతి తల్లివలె మెత్తగా అడుగుదురు: "అమ్మా, ఏమి జరిగినదో చెప్పగలవా?" బిడ్డ తల వంచుకొనును. తన దేహములోని ఆ భాగమునకు బిడ్డకు పేరు తెలియదు. వీధిలో విన్న తిట్టు ఒకటి తెలియును. దానిని పెద్దల యెదుట పలుకరాదని కూడ తెలియును. ఇంటిలో ఆ భాగమునకు పేరే లేదు. బడిలో ఉపాధ్యాయుడు ఆ పాఠము వచ్చినప్పుడు, "దీనిని మీరే చదువుకొనుడు" అని పుట తిప్పివేసినాడు. కావున బిడ్డ "అక్కడ" అని మాత్రము చెప్పును. ఆ "అక్కడ" అను మాటను పట్టుకొని ఎదుటి పక్షమువారు చాలసేపు వాదింతురు. అది ఎచ్చటనైనను కావచ్చునందురు. బిడ్డ స్పష్టముగా చెప్పలేదందురు. ఎవరో నేర్పిన మాట యందురు.

న్యాయస్థానమున చెప్పలేని బిడ్డ అంతకుముందు తల్లికిని చెప్పలేకపోయినది. చెప్పిన తల్లి యేమనుకొనునో, ఇట్టి మాట నెత్తినందుకు తన్నే దండించునో యని వెరచినది. ఈ వెరపు అపరాధి కల్పించినది కాదు. అతడు వచ్చునప్పటికే ఆ వెరపు మన యింట సిద్ధముగా నున్నది. అతడు దానిని వాడుకొన్నాడు. కావున మేము కఠినమైనను నిజమగు మాట చెప్పుచున్నాము: ఇట్టి అపరాధమున మొదటి తోడుదొంగ మన మౌనము. మాట నీయనివాడు రక్ష నీయలేడు.

మనము మౌనముగా నున్నామనుట కూడ పూర్తిగా సత్యము కాదు. చెప్పవలసిన చోట మౌనము; చెప్పనక్కరలేని చోట కోలాహలము. మన గోదావరి సీమలో ఆడబిడ్డ పెద్దమనిషి యైనప్పుడు జరుగు వేడుకను తలచుకొనుడు. చుట్టములకు కబురంపుదురు. బిడ్డను చాపపై కూర్చుండబెట్టి నువ్వుల చిమ్మిలి పెట్టుదురు. కలిగినవారు పందిరి వేసి, భోజనములు పెట్టి, ఓణీల వేడుక యని బిడ్డ నిలువెత్తు బొమ్మను వీధి మొగను ఫ్లెక్సీగా కట్టుదురు. బిడ్డ దేహమున జరిగిన దానిని ఊరంతయు ఎరుగును. ఏమి జరిగినదో, ఎందులకు జరిగినదో, అందు భయపడవలసినది గాని సిగ్గుపడవలసినది గాని లేదని ఆ బిడ్డకు చెప్పినవారెవరు? చీరలు పెట్టిన మేనమామ చెప్పలేదు. అక్షతలు వేసిన పేరంటాండ్రు చెప్పలేదు. తల్లి "అక్కడ కూర్చుండుము, ఇది తాకకుము" అని మాత్రము చెప్పినది. మగబిడ్డ గతి ఇంతకన్న హీనము. అతని శరీరమున వచ్చు మార్పునకు వేడుకయు లేదు, వివరణయు లేదు. నిద్రలో కలుగు స్ఖలనమును రోగమని తలచి, గోడలపై ప్రకటనలు వ్రాయించు కపటవైద్యుల పాలబడి ధనమును ధైర్యమును పోగొట్టుకొను యువకు లెందరో!

ఇట్టి అజ్ఞానముతోడనే బాలికలను కాపురములకు పంపుచున్నాము. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 మొదలు 24 ఏండ్లలోపు వయస్సుగల ఆంధ్రప్రదేశ స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే వివాహమైనట్లు తేలినది. 1929లో శారదా శాసనము వచ్చినది. 2006లో బాల్యవివాహ నిషేధ శాసనము వచ్చినది. శాసనములు వచ్చినను, తన దేహము తనదని బిడ్డకు చెప్పు పుస్తకము ఇంటింటికి రాలేదు.

ఇక మన పెద్దలు ఈ విషయమున నేమి చేసిరో విచారింతము. రాజమహేంద్రవరమున నిలిచి పుస్తకములను గూర్చి మాటాడువాడు కందుకూరి వీరేశలింగము పంతులుగారిని తలచుకొనక తప్పదు. 1848లో ఈ పట్టణమున పుట్టిన ఆ మహనీయుడు 1874లో వివేకవర్ధనిని నెలకొల్పెను. ఆ సంవత్సరముననే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను తెరచెను. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపించెను. 1883లో స్త్రీల కొరకు సతీహితబోధిని యను పత్రికను నడపెను. స్త్రీలు చదువరాదను దేశమున వారి చేతికి పుస్తక మిచ్చినవాడాయన. దేహారోగ్య ధర్మములను, శరీరశాస్త్ర విషయములను తెలుగున వ్రాసి, దేహమును గూర్చి తెలిసికొనుట పాపము కాదని చూపినవాడాయన. నేడు మనము సంకోచములేక ఈ మాట లాడుకొనుట కూడ ఆయన వేసిన బాటలోనిదే.

అంతటి పెద్దయు ఒకచోట తడబడెను. దానిని చెప్పుట ఆయనయెడల అగౌరవము కాదు. పెద్దల మాటనైనను యుక్తితో విచారింపకుండ గ్రహింపరాదని నేర్పినవాడే ఆయన. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానముననున్న ముద్దుపళని యను వేశ్యాకులజ రాధికా సాంత్వనమను శృంగార ప్రబంధమును రచించెను. పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఆమె శీలమును నిందించి, ఆ గ్రంథములోని పెక్కు భాగములు స్త్రీల నోట వెడలదగినవి కావని తీర్పు చెప్పిరి. భోగమువారి మేళములను మాన్పించుటకై జీవితకాలము పోరాడిన సంస్కర్త కావున ఆయన కోపమునకు కారణము కలదు. కాని బెంగుళూరు నాగరత్నమ్మగారు, తామును ఆ కులమున పుట్టిన విదుషీమణి, ఆ కోపమును ఒప్పుకొనలేదు. ముద్రిత ప్రతిలో పద్యములు విడువబడి యుండుట గమనించి, మూలప్రతిని సంపాదించి, 1910లో వావిళ్లవారిచేత సమగ్రముగా ముద్రింపించిరి. సిగ్గు స్త్రీలకు మాత్రమేనా, ఇంతకంటె విశృంఖలముగా వ్రాసిన పురుషుల కావ్యములను మెచ్చుచు దీనినే యేల నిందింతురని ఆమె యడిగిరి. ఆ ప్రశ్నకు తగిన యుత్తరము నేటికిని లేదు. ఉత్తరమునకు బదులు శాసనము వచ్చినది. 1911లో పోలీసువారు ప్రతులను పట్టుకొనిరి. ఆ నిషేధము 1947 వరకు తొలగలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము దానిని తొలగింపగా, 1952లో ఆ గ్రంథము మరల అచ్చయినది.

రాధికా సాంత్వనము బాలబాలికల పుస్తకమని మేము చెప్పుట లేదు. అది పెద్దలు చదువదగిన కావ్యము. కాని ఆ కథలో మనకొక పాఠము కలదు. నిర్మలత్వమును కోరిన సంస్కర్తలు సైతము, మాటను మాన్పినచో మనస్సు నిర్మలమగునని భ్రమపడిరి. ముప్పదియారేండ్లు ఒక స్త్రీ కావ్యమును దాచియుంచితిమి. ఆ ముప్పదియారేండ్లలో పురుషులు వ్రాసిన శృంగారమును విద్యార్థులు కళాశాలలలో పరీక్షలకు చదువుచునే యుండిరి. నిషేధము అశ్లీలమును మాన్పలేదు. ఎవరు మాటాడదగుదురో, ఎవరు మాటాడరాదో మాత్రము నిర్ణయించినది.

రాజమహేంద్రవరమునకు చేరువనే కాకినాడయు మనకిట్టి పాఠమునే చెప్పును. 1904 మొదలు 1919 వరకు పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిన బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు నైతిక నిర్మలత్వమును గూర్చి బోధించుటయేగాక ఆచరించి చూపిరి. దురాచారమును చూచి నవ్వి యూరకుండుట పాపమని ఒక తరము యువకులకు నేర్పిరి. ఆ కళాశాలలోనే చదివి, బ్రహ్మసమాజ ప్రభావమున పెరిగిన గుడిపాటి వేంకటచలముగారు 1927లో మైదానము వ్రాసి, ఆ నిర్మలత్వమునే ప్రశ్నించిరి. ఇంటింట ఆ పుస్తకమును తిట్టిరి. ఇంటింట దిండు క్రింద దాచుకొని చదివిరి. చలముగారి యన్ని యభిప్రాయములను మేము అంగీకరింపము. కాని గురువు చెప్పిన నిర్మలత్వమును శిష్యుడడిగిన సత్యమును రెండును మనకు కావలెనని మా మనవి. సత్యములేని నిర్మలత్వము సున్నము వేసిన గోడ వంటిది. లోపలి చెమ్మ కొన్నాళ్లకు పైకి తేలును. దిండు క్రింద చదువబడు పుస్తకమును గూర్చి బిడ్డ ఎవరితోను మాటాడజాలడు. మంచిచెడ్డల నెవరిని అడుగజాలడు. పుస్తకముకన్న ఆ ఒంటరితనమే యెక్కువ హాని.

శాసనము కూడ ఈ త్రోవననే మెల్లగా నడచి వచ్చినది. 1868లో ఇంగ్లండు న్యాయస్థాన మొకటి, చెడు ప్రభావమునకు లోనుగాగల మనస్సులను చెరుపు స్వభావముగల రచన అశ్లీలమని సూత్రము చెప్పెను. అనగా చదువరులలో మిక్కిలి దుర్బలుని కొలతగా బెట్టుకొని అందరి పుస్తకములను కొలుచుట. మన సుప్రీముకోర్టు 1964లో దానినే అనుసరించెను. 1969లో శాసనసభ శిక్షాస్మృతిని సవరించి, విజ్ఞానము, సాహిత్యము, కళ, విద్య మొదలగువాని నిమిత్తమై లోకహితముగా ప్రకటింపబడు గ్రంథములు అపరాధము కావని స్పష్టపరచెను. 2014లో సుప్రీముకోర్టు ఆ పాత ఆంగ్లసూత్రమును విడిచి, రచనను సమగ్రముగా, సమకాలిక సమాజదృష్టితో చూడవలెనని చెప్పెను. 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో సైతము, అశ్లీలమును అమ్ముట, అందును 18 ఏండ్లు నిండని బాలుర కమ్ముట అపరాధమనుచునే, విద్యావిజ్ఞానములకు ఆ మినహాయింపును నిలిపియుంచిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో పిల్లల అశ్లీల చిత్రములను గూర్చిన తీర్పునందు సుప్రీముకోర్టు, సమ్మతి యన నేమో తెలుపు సమగ్రమైన లైంగికవిద్య దేశమున కావలెనని సూచించెను. కావున శాసనము మన నోరు కట్టుచున్నదని సాకు చెప్పుటకు వీలులేదు. శాసనము తలుపు తెరచినది. గడప దాటనివారము మనమే.

దీనిపై పెద్దలు చెప్పు ఆక్షేపణలు రెండు. మొదటిది: "తెలిసినచో బిడ్డలు చెడిపోవుదురు, తెలియకుండుటయే రక్ష." ఈ వాదమును పంతులుగారి కాలమున స్త్రీవిద్యపై కూడ విన్నాము. చదువు వచ్చిన స్త్రీ ప్రేమలేఖలు వ్రాయునని ఆనాటి పెద్దలు భయపడిరి. ఇప్పుడు ఊహతో పనిలేదు. ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయగు యునెస్కో వివిధ దేశములలోని పరిశోధనలను పరిశీలించి 2018లో ప్రకటించిన మార్గదర్శకమున, సరియైన లైంగికవిద్యవలన యువజనులలో లైంగికచర్య పెరుగుట లేదనియు, అపాయకరమైన ప్రవర్తనము తగ్గుచున్నదనియు తేల్చినది. తెలిసినవాడు జాగ్రత్తపడును, తెలియనివాడు ప్రయోగము చేయును. ఇది గోదావరిలో ఈతకు దిగు బిడ్డకును వర్తించునదే గదా! లోతెచ్చట నున్నదో చెప్పినచో బిడ్డ మునుగునని ఏ తండ్రియు అనడు.

రెండవ ఆక్షేపణ: "ఇది మన సంప్రదాయము కాదు, పరదేశములనుండి వచ్చినది." సోదరులారా, ఈ మాట చెప్పుటకు తెలుగువారికి మాత్రము అధికారము లేదు. మన ప్రబంధములలో శృంగారవర్ణన లేనిది యేది? పెండ్లిపందిట వియ్యపురాండ్రు పాడుకొను పాటలలో లేనిది యేది? ఆలయముల గోడలపై లేనిది యేది? రసముగా చెప్పుటకు, హాస్యముగా చెప్పుటకు, తిట్టుగా చెప్పుటకు మనకు మాటలు కొల్లలు. హితముగా చెప్పుటకు మాత్రమే మాట దొరకకున్నది. విజయవాడ వైద్యులు డాక్టరు సమరముగారు దశాబ్దములపాటు వారపత్రికలయందు ఇట్టి ప్రశ్నలకు శాస్త్రీయముగా జవాబులు వ్రాసిరి. ఆ ప్రశ్నలను పంపినవారిలో పెండ్లియై బిడ్డలు గలవారును ఉండిరి. పదునాలుగేండ్లకు తెలియవలసినది నలువదేండ్లకు అడుగుకొనవలసి వచ్చుట మన సంప్రదాయమునకు కీర్తి కాదు.

అయినచో ఏ పుస్తకమునైనను బిడ్డ చేతికిచ్చి యూరకుండవచ్చునా? అట్లనుట లేదు. విడిచిపెట్టుటయు మౌనమే. పుస్తకమును ఎన్నుటకు మాకు తోచిన పరీక్షలను కొన్నిటిని మనవి చేయుదుము. మొదటిది, అది నిజమును చెప్పుచున్నదా? దేహమును గూర్చి తప్పుచెప్పు పుస్తకము నీతిని గూర్చి ఎంత మధురముగా చెప్పినను విశ్వాసపాత్రము కాదు. రెండవది, అవయవములకు తిట్టు కాని, డొంకతిరుగుడు కాని పేరు పెట్టక, కన్ను ముక్కులను చెప్పునట్లే శుభ్రమైన పేరుతో చెప్పుచున్నదా? మూడవది, భయపెట్టి బోధించుచున్నదా, ప్రేమతో బోధించుచున్నదా? భయము బిడ్డను పాపమునకు దూరము చేయదు. తల్లిదండ్రులకు దూరము చేయును. నాలుగవది, బాలికకు జాగ్రత్తలు చెప్పినంతగా బాలునికి బాధ్యతలు చెప్పుచున్నదా? ఆడబిడ్డకు "తల వంచుకొని నడువుము" అని చెప్పి, మగబిడ్డకు ఏమియు చెప్పని పుస్తకము సగము పుస్తకము. ఐదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: నీ దేహము నీది, ఎదుటివారి దేహము వారిది, వారి సమ్మతి లేక తాకుట హింస యని చెప్పుచున్నదా? ఈ యొక్క వాక్యము హృదయమున నాటుకొన్న బాలుడు రేపు మంచి భర్త యగును, మంచి యధికారి యగును. ఈ యొక్క వాక్యము నెరిగిన బాలిక న్యాయస్థానమున తల వంచుకొనదు. ఈ పరీక్షలకు నిలువక, దేహమును చూపి కోరికను రేపి పైకము సంపాదించుటకే పుట్టిన దానిని పుస్తకమనక సరకనుట మేలు.

ఎన్నిన పుస్తకమును బిడ్డ చేతికిచ్చి తలుపు మూసికొని పోరాదు. కూడ కూర్చుండవలెను. ఆడబిడ్డకు తల్లి, మగబిడ్డకు తండ్రి యని పంచుకొని తండ్రి తప్పించుకొనరాదు. కూతురికి తండ్రియు, కుమారునికి తల్లియు చెప్పగలిగిననాడే బిడ్డకు ఈ విషయమున దొంగతనము లేదని తెలియును. ఒక్కనాడు గంటసేపు ఉపన్యసించి ముగించునది కాదిది. మూడేండ్ల బిడ్డకు అవయవముల పేర్లు. ఎనిమిదేండ్ల బిడ్డకు ఎవరు తాకవచ్చును, ఎవరు తాకరాదు, తాకినచో ఎవరికి చెప్పవలెను అనునవి. పది పదకొండేండ్లకు, మార్పులు రాకమునుపే, వాని వివరణము. ఆ పిమ్మట ప్రేమ, సమ్మతి, వివాహము, బాధ్యత. అన్నము పెట్టినట్లే, వయస్సునకు తగినంత, ప్రతిదినము.

గ్రంథాలయములకును ఇందు భాగము కలదు. మన సీమ గ్రంథాలయోద్యమమునకు పుట్టినిండ్లలో నొకటి. ఆ యుద్యమమునకు జీవితమును ధారపోసిన అయ్యంకి వేంకటరమణయ్యగారు తూర్పుగోదావరిలోని కొంకుదురున పుట్టినవారు. రాజమహేంద్రవరమున వసురాయ గ్రంథాలయమును రత్నకవి గ్రంథాలయమును కలసి గౌతమీ గ్రంథాలయ మైనది. పల్లెపల్లెకు పుస్తకము పోవలెనని ఆ పెద్దలు తపించిరి. వారి వారసులమగు మనము, పట్టణ గ్రంథాలయముననైనను, ఊరి గ్రంథాలయముననైనను, యుక్తవయస్కుల కొరకు మంచి వైద్యులును ఉపాధ్యాయులును వ్రాసిన ఇట్టి పుస్తకములను ఒక అరలో, తాళములేని అరలో, ఉంచుమని అడుగవలెను. బిడ్డ పేరు వ్రాయించి, కళ్లద్దములపైనుండి చూచి, "ఇది నీకెందుకు?" అని యడుగని గ్రంథపాలకుని కూడ కోరుకొందము.

ధవళేశ్వరము వద్ద ఆనకట్టను మనమందరము చూచియుంటిమి. 1852లో కాటనుదొర ఆధ్వర్యమున అది పూర్తియగుటకు పూర్వము ఈ సీమ యొకయేడు వరదలో మునుగుచు, ఒకయేడు కరవున మాడుచునుండెను. ఆనకట్ట గోదావరిని ఆపలేదు. ఆపబూనినచో ఒక్క వరదకు కొట్టుకొనిపోయియుండును. అది నీటిమట్టమును కొంచె మెత్తి, లాకులగుండ కాలువలలోనికి మరలించినది. ఎగువన మట్టి పొర్లించుకొనివచ్చిన నీరే దిగువన వరిచేను నీరైనది. యౌవనమున పుట్టు కుతూహలము అట్టి ప్రవాహము. దానిని బిడ్డలలో పెట్టినవాడు పరమేశ్వరుడే. ఆయన పెట్టినదానిని పాపమని పేర్కొని అడ్డుకట్ట వేయబోవుట అవివేకము. గట్లు లేక విడిచిపెట్టుట క్రూరత్వము. కాలువ త్రవ్వుటయే మన పని.

మా కథను ముగింపలేదు. గత సంవత్సరము ఒక యాదివారమున బీరువా తాళము తీసి, ఆ చిన్న పుస్తకమును వెలికి తీసితిమి. మొదట మేమే చదివితిమి. న్యాయశాస్త్రమున పట్టము పొందిన మాకు అందు తెలియని సంగతులు కొన్ని కలవని ఒప్పుకొనుచున్నాము. పిమ్మట బిడ్డను పిలిచి, "అమ్మా, ఆనాడు నీ పుస్తకమును తీసికొని తప్పు చేసితిమి. ఇదిగో. నీ విష్టపడినచో మే మిరువురమును నీతో కూర్చుండి చదువుదుము" అని చెప్పితిమి. ఆమె కొంతసేపు పుస్తకము వంక చూచి, "నాకు తెలియవలసినవి చాల తెలిసినవి, నాన్నగారూ. తమ్మునికి చదివి చెప్పుడు. వాడింకను ఎవరిని అడుగలేదు" అనెను. ఆ మాటలో మాకు క్షమయు కలదు, శిక్షయు కలదు. కూతురి విషయమున పోయిన కాలము తిరిగి రాదు. కుమారునికి పదియేండ్లు. ఆ రాత్రియే మొదటి పుట తెరచితిమి. మా కంఠము వణకినది. వాడు మాత్రము, ఆకాశము నీలముగా నుండుటకు కారణమడిగినంత సహజముగా, ప్రశ్నపై ప్రశ్న వేసినాడు. సంకోచమంతయు మాలోనే యుండినదనియు, బిడ్డలో లేదనియు అప్పుడు తెలిసినది.

సర్వాంతర్యామివైన పరమేశ్వరా! మా దేహములను నీవే నిర్మించితివి. వానిలో నీకు సిగ్గు కలిగించునది ఏదియు లేదు. మా బిడ్డల యెదుట సత్యమును పలుకుటకు మాకు ధైర్యమును, మెత్తగా పలుకుటకు ప్రేమను, మేము చేసిన తప్పును ఒప్పుకొనుటకు వినయమును ప్రసాదింపుము. మా మౌనమువలన గాయపడిన బిడ్డలకు మాట నిమ్ము. ఆ మాటను వినుటకు మాకు చెవుల నిమ్ము.

ఓం తత్సత్.